ఏడో బోటు

రత్నమాణిక్యం ఫోన్ తెచ్చి ముఖానికి ఆనించేంత దగ్గరగా పెట్టి, "చదివి పెట్టవే కుమారీ, మా అందరిలోకీ ఏడో తరగతి దాకా వెళ్ళినదానివి నువ్వే కదా" అనగానే సత్యకుమారి గుండె దడదడలాడింది. ఎవరికో ఏదో అయిందనుకుంది. ఫోన్ మోగితే ఆమెకు ప్రమాదం. మోగకపోతే అంతకన్నా పెద్ద ప్రమాదం. మద్రాసులో ఉన్న ఒక్కగానొక్క కూతురు హేమశ్రీ ఒక పూట ఫోన్ ఎత్తకపోతే చాలు, ఆమె కళ్ళ ముందు లారీలు, ఆస్పత్రి మంచాలు, కాలిపోతున్న కరెంటు తీగలు తిరిగేవి.

తీరా చూస్తే అది అచ్చేసిన కాగితం ఫోటో. పంపింది హేమే.

"ఏం లేదులే వదినా. కచేరీ కాగితం" అని, ఊపిరి పీల్చుకుని చదవడం మొదలుపెట్టింది. "మా రేవు. అయిదు భాగాల సంగీతం. రచన హేమశ్రీ. శనివారం సాయంత్రం అయిదున్నరకు, రాజమహేంద్రవరం. ఒకటో భాగం, పోటు. రెండు, నాన్న వల. మూడు..."

అక్కడ చదవడం ఆపేసింది.

"మూడు?" అంది రత్నమాణిక్యం.

"మాణిక్యం అత్త కేక."

"మళ్ళీ చదువు!"

మళ్ళీ చదివింది. మూడోసారీ చదివించుకుంది రత్నమాణిక్యం. తర్వాత ముక్కున వేలేసుకుని, పక్కింటి గోడ మీదుగా, ఎదురింటి అరుగు మీదకి, దారిన పోయే ఐసు బండివాడికి కూడా వినపడేలా, "పాటకి నా కేక పేరెట్టిందంటర్రా మేనకోడలు! కాయితంలో కొట్టిచ్చిందంట!" అని అరిచింది.

నాలుగో భాగం తుపాను షెల్టరు. అయిదోది బంతి. షెల్టర్లో తలదాచుకున్న జనమంతా ఉన్నారు, బంతిలో కూర్చుని తిన్న జనమంతా ఉన్నారు. భర్త అప్పాజీ ఉన్నాడు. ఆయనకి వరసకి చెల్లెలైన రత్నమాణిక్యం ఉంది. కన్నతల్లి పేరు మాత్రం ఎక్కడా లేదు. కాగితం కింద అంచున, ధన్యవాదాలు అని రాసిన చోట కూడా వెతికింది. అక్కడ ఏదో కాలేజీ పేరుంది.

ఇంటికెళ్ళి తన ఫోన్ చూసుకుంది. అదే ఫోటో తనకీ వచ్చింది. రత్నమాణిక్యానికి వచ్చిన నాలుగు నిమిషాలకి.

*

సత్యకుమారిది పట్టిసీమ. అక్కడా చేపలు పట్టేవాళ్ళే, కానీ గోదావరిలో. ఏటికి అవతలి గట్టు కనపడుతుంది. మనిషి పడవెక్కితే ఎక్కడున్నాడో తెలుస్తుంది. మొగల్తూరు దాటి, ఉప్పు గాలిలో ఉన్న ఈ సముద్రపు రేవుకి కోడలిగా వచ్చిన మొదటి రోజే ఆమెకి అవతలి గట్టు కనపడలేదు. ఆ భయం ఇరవై ఎనిమిదేళ్ళయినా తీరలేదు. ఊళ్ళో అందరికీ ఆమె ఇప్పటికీ "గోదారి పిల్ల"నే.

వచ్చిన వారానికే ఒక తప్పు చేసింది. పొద్దున వేట నుంచి బోట్లు తిరిగి వస్తుంటే, ఒడ్డున ఆడాళ్ళందరి మధ్యా నిలబడి, "ఒకటి, రెండు, మూడు..." అని పైకి లెక్కపెట్టింది. పట్టిసీమలో అలాగే లెక్కపెట్టేవాళ్ళు. ఇక్కడ మాత్రం ఆడాళ్ళంతా గొల్లుమన్నారు. రత్నమాణిక్యం వచ్చి తొడ మీద గిల్లి, నోరు మూసి, "నోటితో లెక్కెడతావంటే? సముద్రానికి చెవుల్లేవనుకున్నావా?" అంది. ఆ రోజు అన్ని బోట్లూ వచ్చాయి. రాకపోయి ఉంటే ఆమెను ఊరు బతకనిచ్చేది కాదు.

ఆనాటి నుంచి నోరు కట్టేసుకుంది గానీ మనసు ఊరుకోదు కదా. చేపల కోసం తెచ్చుకునే సత్తు బేసినుని బోర్లించి చంకన పెట్టుకుని, ఒక్కో బోటు కనపడగానే దాని అడుగున గోటితో ఒక్కో దెబ్బ వేసేది. వాళ్ళ రేవులో ఏడు బోట్లు. ఆరు గబగబా వచ్చేసేవి. టక్, టక్, టక్, టక్, టక్, టక్. ఏడోది అప్పాజీది, పాత ఇంజను. ఎప్పుడూ ఆఖరే. అది వచ్చేదాకా గోరు గాలిలో అలాగే ఆగిపోయి ఉండేది. ఒక్కోసారి చిటికె వేసేంత సేపు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా. అది కనపడ్డాక మెటికలతో వేసే ఏడో దెబ్బకి బేసిను సొట్టపడేది.

చిన్నప్పుడు హేమ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కనే నిలబడేది. అక్కడ నుంచి ఒక్క అడుగు ముందుకి వెయ్యనిచ్చేది కాదు సత్యకుమారి. "అలలొస్తాయే, లాక్కుపోతాయే" అనేది. ఆ పిల్లని చంకనేసుకుని మొదటిసారి నీళ్ళలోకి దింపింది రత్నమాణిక్యం. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మొగల్తూరు వీధుల్లో వెంట తిప్పుకున్నది రత్నమాణిక్యం. "చందువలమ్మా... పండుగప్పలోయ్..." అని ఆవిడ కేకేస్తే మేడ మీద నిద్రపోతున్నవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని దిగేవారు. హేమ ఇంటికొచ్చి ఆ కేకే వేసేది. "ఆ గొంతు నీకెందుకే, పగిలిపోద్ది" అని కసిరేది తల్లి. పిల్ల మాణిక్యం అత్తా, మాణిక్యం అత్తా అన్నప్పుడల్లా ఆమెకి కడుపులో నిప్పురవ్వ పడ్డట్టుండేది.

తర్వాత నరసాపురంలో పెళ్ళి బ్యాండులో వాయించే బుల్లిరాజు బాబాయి దగ్గర హేమ శాక్సాఫోను నేర్చుకుంది. ఊపిరితిత్తులు పాడైపోతాయని తల్లి వారం రోజులు అన్నం మానేసింది. అయినా నేర్చుకుంది. మద్రాసు వెళ్ళింది, జాజ్ అనే సంగీతంలో పడింది.

"అదేం సంగీతమే?" అని ఒకసారి ఫోన్లో అడిగింది సత్యకుమారి.

"ముందు అందరం కలిసి ఒక పాట వాయిస్తామమ్మా. తర్వాత ఒక్కొక్కళ్ళం అందులోంచి బయటికెళ్ళి, అప్పటికప్పుడు మాకు తోచింది వాయించుకుని, మళ్ళీ వెనక్కొచ్చి కలుస్తాం."

"తిరిగి రాలేకపోతే?"

హేమ నవ్వింది. "మిగతావాళ్ళు తాళం ఆపరు కదమ్మా. దాన్ని పట్టుకుని వచ్చేస్తాం."

*

ఆ సాయంత్రం ఉండబట్టలేక కూతురికి ఫోన్ చేసింది.

"కాయితం చూశాను. బాగుంది."

"చూశావా! అత్తకి చదివి వినిపించావా? స్టేజీ మీద అత్తే కేకేస్తుంది. నేను శాక్సాఫోన్లో పిలుస్తా, అత్త బదులు చెప్తుంది. హరిబాబు కారు మాట్లాడాను, నువ్వే దగ్గరుండి తీసుకురావాలి. అత్తని ఒక్కదాన్నీ బస్సెక్కనియ్యకు."

అత్త ఒక్కత్తీ బస్సెక్కితే ఏమవుతుందోనని భయం. అమ్మ గురించి ఆ భయం ఎప్పుడైనా పడిందా?

"మీ నాన్న కూడా ఉన్నాడుగా అందులో" అంది సత్యకుమారి.

"ఆఁ, రెండోదాంట్లో."

"షెల్టరూ, బంతీ... ఊరంతా ఉందిలే."

హేమకి అర్థమైంది. "అమ్మా, నీకంటూ విడిగా భాగం రాయలేదు. ఎందుకంటే..."

"అయ్యో, పాలు పొంగిపోతున్నాయే, ఉంటాను" అని పెట్టేసింది. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్ళూ లేవు. హేమ రెండుసార్లు తిరిగి చేసింది. ఎత్తలేదు.

ఆ కోపంలో పాత కోపం కూడా గుర్తొచ్చింది. వేసవిలో వేట నిషేధం రోజుల్లో హేమ వచ్చి పది రోజులుండి వెళ్ళింది. నిషేధం ఎత్తేసి బోట్లు దిగిన రోజున చూస్తే సత్తు బేసిను లేదు. ఇల్లంతా గాలించింది. అప్పట్లో రోజూ ఇంట్లోకొచ్చి కూర్చున్నది రత్నమాణిక్యమే. అడిగితే, "నీ సొట్ట బేసిను నాకెందుకే, దాంట్లో చేప కూడా తిన్నగా పడుకోదు" అని వెక్కిరించింది. అప్పటినుంచి ప్లాస్టిక్ టబ్బు పట్టుకెళుతోంది. గోటితో కొడితే అది పలకదు. బేసిను తీసుకుంది. పిల్లనీ తీసుకుంది. ఇప్పుడు కాగితంలో పేరు కూడా తీసుకుంది.

గురువారం నాడు రత్నమాణిక్యం ఇంటికెళ్ళింది. కారు ఎన్నింటికో చెబుదామనే వెళ్ళింది, అబద్ధమాడాలని కాదు. వెళ్ళేసరికి ఆవిడ నెమలికంఠం రంగు కొత్త చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. మార్కెట్లో రోజంతా నిలబడి, వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా.

"రా రా గోదారి పిల్లా! ఇదెలా ఉంది? లైట్లలో మెరవద్దూ? ఔనే, మైకులో కేకేస్తే మామూలుగా వెయ్యాలా, తగ్గించి వెయ్యాలా? అందరూ నా పెళ్ళప్పుడు కూడా ఇంత ముస్తాబవలేదని ఏడిపిస్తున్నారే!" అని పకపకా నవ్వింది.

సత్యకుమారి ఆ చీర వంక చూసింది. తను కట్టుకోవాలనుకున్నది మూడేళ్ళనాటి గులాబీ రంగుది.

"అది చెప్పడానికే వచ్చాను వదినా. కచేరీ మారింది. వచ్చే శనివారానికి వెళ్ళిందంట."

"అయ్యో! పిల్ల నాకు చెప్పలేదేంటి?"

"నాకు చెప్పిందిగా. హాలు ఖాళీ లేదంట. బిజీగా ఉంది, ఫోన్లు చెయ్యొద్దంది."

"పోన్లే, జాకెట్టు కుట్టించుకోవడానికి టైము దొరికింది" అంది రత్నమాణిక్యం. ఏ అనుమానమూ పడలేదు. అదే సత్యకుమారికి మంటగా అనిపించింది.

బయటికొచ్చి, సందు మలుపులో నిలబడి హేమకి ఫోన్ చేసింది. "మీ అత్తకి మోకాలు వాచిందే. అడుగు తియ్యలేకపోతోంది. రానంది. నువ్వు ఫోన్ చెయ్యకు, మాట్లాడితే ఏడుస్తాది" అంది. కళ్ళారా చూసినట్టు చెప్పింది. చెడ్డవన్నీ ఊహించుకోవడం అలవాటైన మనిషికి చెడ్డది చెప్పడం అంత కష్టమేం కాలేదు.

అవతల హేమ, "అత్తని జాగ్రత్తగా చూసుకో" అని పెట్టేసింది.

*

శనివారం హరిబాబు కారు సత్యకుమారిని ఎక్కించుకుని, ముందు సీటు ఖాళీగానే బయలుదేరింది. ఇంజను రిపేరుకని పొద్దున్నే వెళ్ళిన అప్పాజీ నరసాపురంలో ఎక్కాడు.

"మాణిక్యం ఏదీ?"

"మోకాలు."

"నిన్న మార్కెట్లో బాగానే ఉందే?"

"రాత్రి వాచింది" అంది కిటికీలోంచి చూస్తూ.

సిద్ధాంతం వంతెన మీద గోదావరి ఒక పాయ దాటారు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీద రెండో పాయ దాటారు. ఎప్పుడు గోదావరి కనపడినా పుట్టిల్లు కనపడ్డట్టు చేతులు జోడించే మనిషి ఈసారి రెండుచోట్లా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. వంతెన కూలుతుందేమో, అబద్ధం వల్లనే కూలుతుందేమో, హరిబాబూ భర్తా అన్యాయంగా పోతారేమో అని కళ్ళు మూసుకుంది.

హాలు నిండా జనం. కాలేజీ పిల్లలు, కోటు వేసుకున్న పెద్దమనుషులు. ఎవరైనా తొక్కిసలాటలో పడతారేమోనని సత్యకుమారి తలుపు దగ్గర సీటు చూసుకుంది. స్టేజీ మీద పియానో, మనిషంత ఎత్తు ఫిడేలు, బాకా, డ్రమ్ములు. ముందు ఒక స్టూలు, దాని ఎదుట ఒక మైకు. ఆ స్టూలు మీద ఎవరూ లేరు.

హేమ వచ్చి నమస్కారం పెట్టింది. "మూడో భాగంలో మా అత్తయ్య రత్నమాణిక్యం గారు నాతో కలవాలండి. ఒంట్లో బాగోక రాలేకపోయారు. ఆవిడ చోటు మాత్రం తియ్యలేదు" అంది.

జనం ఆ ఖాళీ స్టూలుకి చప్పట్లు కొట్టారు. రాని మనిషికి కూడా చప్పట్లేనా అనుకుంది సత్యకుమారి.

మొదటి భాగం మొదలైంది. ఆమెకేం అర్థం కాలేదు. ఎవరికి వారు ఎటో వెళ్ళిపోతున్నట్టుంది. కానీ వెనక ఏదో దెబ్బ, పదే పదే, ఎక్కడో విన్నట్టు, పంటి కింద రాయిలా తగులుతోంది. రెండో భాగంలో అప్పాజీ ముందుకి వంగి, "అలివి వల లాగుతున్నట్టే ఉందే!" అన్నాడు సంబరంగా. మొగుడికి దొరికేసింది. తనకే ఏమీ దొరకలేదు.

అప్పుడు డ్రమ్ముల అబ్బాయి పుల్లలు పక్కన పెట్టాడు. కింద నుంచి ఏదో తీసి, బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. గోటితో కొట్టాడు.

టక్, టక్, టక్, టక్, టక్, టక్.

ఆగాడు.

పియానో ఆగింది. పెద్ద ఫిడేలు ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత ఎప్పటికో, గట్టిగా, ఏడోది. అందరూ ఒక్కసారి అందుకున్నారు.

సత్యకుమారి సీట్లోంచి సగం లేచింది. దాని అంచున సొట్ట ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. అది తన బేసిను. ఎవరూ దొంగిలించలేదు, వేసవిలో హేమే పట్టుకెళ్ళింది. ఇందాకటి నుంచి ప్రతి పాట కిందా వినపడుతున్నది ఆ దెబ్బలే. అందరూ వెళ్ళి వెళ్ళి, దాన్ని పట్టుకునే తిరిగి వస్తున్నారు.

నోరు విప్పకుండా, ఇరవై ఎనిమిదేళ్ళు, ఎవరికీ తెలియదనుకుని చేసిన పని. కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ పిల్ల విన్నది.

సంతోషించడానికి కూడా ఆమెకి వ్యవధి చిక్కలేదు. మూడో భాగం వచ్చేసింది. హేమ శాక్సాఫోన్లో చందువల కేక వేసింది, అచ్చం ఆవిడలాగే. వేసి స్టూలు వంక తిరిగింది. బేసిను మీద ఆరు దెబ్బలు పడ్డాయి. ఆగాయి. ఏడోది పడలేదు. హేమ మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఆరు. మళ్ళీ అందరూ స్టూలు వైపు చూస్తూ ఆగారు.

ఒక బోటు రాలేదు. రాకుండా చేసింది తనే.

ఆమె గభాల్న లేచింది. "ఎక్కడికే?" అని అప్పాజీ కొంగు పట్టుకోబోయాడు. అప్పటికే ఆమె నడవలో ఉంది. తడబడుతూ స్టేజీ మెట్లెక్కింది. జనం ఇదీ కచేరీలో భాగమే అనుకున్నారు.

హేమ కంగారుగా దగ్గరికొచ్చింది. "ఏంటమ్మా? నాన్నకేమైనా...?"

"మోకాలి వాపూ లేదు, ఏమీ లేదే. నేనే అబద్ధమాడాను. మీ అత్తకి వచ్చే శనివారమని చెప్పాను."

వెనక అబ్బాయి మాత్రం తాళం ఆపలేదు. ఆరు కొట్టి ఆగుతున్నాడు, ఆరు కొట్టి ఆగుతున్నాడు. హేమ తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపుకి సత్యకుమారి తల వంచుకుంది. కొడితే బాగుణ్ణనుకుంది.

"ఫోన్ ఉందా?" అంది హేమ.

ఉంది. హేమే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, తల్లి చేతికిచ్చి, ఆ చేతిని మైకు ముందుకి తోసింది. హాలంతా రింగు మోగింది. సత్యకుమారి ఊహలో అప్పుడే రత్నమాణిక్యం పడిపోయింది, స్పృహ లేదు, ఎత్తడానికి ఎవరూ లేరు...

"ఏమే! ఏంటీ టైములో? ఆ మోతేంటి, సంతలో ఉన్నావా?"

"వదినా, కచేరీ వచ్చే శనివారం కాదు. ఇవాళే. ఇప్పుడే. కుళ్ళుకొని నీకు అబద్ధం చెప్పాను."

ఆ మాట మైకులో ఎంత గట్టిగా వినపడిందో ఆమెకి అప్పుడు తెలిసింది. మూడు వందల మంది ముందు. ఫోన్లో చేప తోముతున్న కత్తి కింద పడ్డ చప్పుడైంది.

"ఓసి నీ దుంప తెగ! గోదారి పిల్లా! ఇంతకీ తెగించావంటే? చేతినిండా పొలుసుతో కూచున్నానే నేను! జాకెట్టు టైలరు దగ్గరుందే! రేపు రా చెప్తాను, పీట తిరగేసి..."

హాలు ఘొల్లుమని నవ్వింది.

"అత్తా, చీర కనపడదులే" అని హేమ మైకులోకి వంగింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "కేక ఒక్కటి కావాలి. వేస్తావా?"

"ఇప్పుడా? ఇలాగా? ఎంతమందున్నారే?"

"నిండుగా ఉన్నారు."

అవతల గొంతు సవరించుకోవడం వినపడింది. హేమ శాక్సాఫోను ఎత్తి పిలిచింది. బేసిను మీద ఆరు దెబ్బలు పడ్డాయి. సత్యకుమారి గోరు ఫోన్ వెనక తనకు తెలియకుండానే లేచి, గాలిలో ఆగింది.

"చందువలమ్మా... ఆఆ... పండుగప్పలోయ్!"

ఏడో దెబ్బ ఎవరు వేశారో, ఆ అబ్బాయో తనో, ఆమెకి తెలియదు. అందరి వాద్యాలూ ఒక్కసారి మీద పడ్డాయి. మొగల్తూరు మేడ మెట్లు దిగి గిన్నెలు పట్టుకుని వచ్చినట్టు జనం లేచి నిలబడ్డారు. రత్నమాణిక్యం ఇక ఆపలేదు. మెత్తళ్ళన్నది, రొయ్యలన్నది, పక్క వీధి బేరగత్తెల్ని తిట్టింది కూడా. ప్రతిదానికీ హేమ బదులు వాయించింది.

భాగం అయిపోయాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. చెయ్యి పీకుతున్నా సత్యకుమారి ఫోన్ దించలేదు. ఆ ఖాళీ స్టూలు మీదే కూర్చుంది. డ్రమ్ముల అబ్బాయి వచ్చి ఏమీ అనకుండా బేసిను ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

"కుమారీ, ఉన్నావంటే?" అంది ఫోన్లోంచి రత్నమాణిక్యం, గసపోసుకుంటూ. "ఆ చప్పట్లు నాకేనా?"

 సత్యకుమారి కడుపులోని ఆ పాత నిప్పురవ్వ ఇంకా పూర్తిగా ఆరలేదు.

"నీకే వదినా."

"మరి నీకేం మిగిలిందే, తిక్కలదానా?"

సత్యకుమారి వేళ్ళతో సొట్ట తడిమి చూసుకుంది. "నా బేసిను దొరికింది."

"నేను తియ్యలేదని ఆనాడే చెప్పానా లేదా!" అని రత్నమాణిక్యం హాలంతా వినపడేలా అరిచింది.